ఫౌండేషన్ గ్రాంటుకి దరఖాస్తు ఎలా చేయాలి? బెంగళూరు లేబర్ షెడ్ల పక్కన నేర్చుకున్న సంగతులు

నెలకి ఇద్దరో ముగ్గురో ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. ఒకాయన వైట్‌ఫీల్డ్ దగ్గర లేబర్ షెడ్లలో పిల్లలకి సాయంత్రం చదువు చెప్పిస్తున్నాడు. ఒకావిడ యలహంక వైపు పౌరకార్మికుల (పారిశుధ్య కార్మికుల) కాలనీలో ఆడవాళ్ళకి కుట్టు నేర్పిస్తోంది. కొన్నేళ్ళుగా సొంత జీతంలోంచి, ఆఫీసు స్నేహితుల చందాల్లోంచి నెట్టుకొస్తున్నారు. ఇక వల్లకావడం లేదు. అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, ఏ ఫౌండేషన్‌కి రాస్తే డబ్బులొస్తాయి?"

నేను తిరిగి అడిగేదీ ఒకటే. "మీ హాజరు పుస్తకంలో పోయిన నెల పేజీ ఫోటో తీసి పంపండి."

సగం మంది అక్కడే ఆగిపోతారు. పుస్తకం ఉండదు, ఉంటే పోయిన నెల పేజీ ఖాళీగా ఉంటుంది. గ్రాంటు దరఖాస్తు రాయడం మూడు రోజుల పని. ఆ మూడు రోజుల్లో రాయాల్సింది మాత్రం మూడేళ్ళుగా ఎక్కడో ఒక చోట రాసిపెట్టి ఉండాలి. మహదేవపుర వైపు లేబర్ షెడ్ల పిల్లలకి సాయంత్రం సెంటర్ నడిపే ఒక చిన్న ట్రస్టులో ఉంటూ, నాలుగు సార్లు తిరస్కరణ మెయిళ్ళు అందుకుని, ఐదోసారి గ్రాంటు తెచ్చుకున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు కాగితాలు

ఈ భాగం విసుగ్గా ఉంటుంది, తప్పదు. మీ సంస్థ ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన ట్రస్ట్ డీడ్, సొసైటీ అయితే కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1960 కింద సర్టిఫికెట్, లాభాపేక్ష లేని కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 లైసెన్సు ఉండాలి. సంస్థ పేరు మీద పాన్, సంస్థ పేరు మీదే బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర రెండు రిజిస్ట్రేషన్లు: సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం 12ఏ, మీకు ఇచ్చే దాతకి మినహాయింపు కోసం 80జీ. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా ఫౌండేషన్లవాళ్ళూ సీఏలూ ఇంకా పాత పేర్లతోనే మాట్లాడుకుంటున్నారు. కొత్త సంస్థకి మొదట మూడేళ్ళకి తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. పని మొదలయ్యాక దాన్ని రెగ్యులర్ చేయించుకోవాలి. ఆ గడువు మరిచిపోయి మంచి గ్రాంటు చేజార్చుకున్నవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. పని మొదలైన ఆరు నెలల్లో గానీ, తాత్కాలిక సర్టిఫికెట్ ముగిసే తేదీకి కనీసం ఆరు నెలల ముందు గానీ, ఏది ముందైతే ఆలోపు దరఖాస్తు పడాలి. దానికి తగ్గట్టు ఫోన్లో అలారం పెట్టుకోండి.

నీతి ఆయోగ్ వాళ్ళ ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో నమోదు చేసుకుంటే ఒక ఐడీ వస్తుంది. చాలా దరఖాస్తు ఫారాల్లో ఆ గడి ఉంటుంది. కంపెనీలు చట్టప్రకారం సామాజిక పనులకి పెట్టే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే ఇంకొకటి కావాలి: కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో సీఎస్ఆర్-1 ఫారం నింపి తెచ్చుకునే నంబరు. 2021 ఏప్రిల్ నుంచి అది లేకుండా ఏ కంపెనీ మీ సంస్థ ద్వారా సీఎస్ఆర్ పని చేయించలేదు. ఫారం మీద ట్రస్టీ డిజిటల్ సంతకం, సీఏ ధ్రువీకరణ పడాలి.

ఇప్పుడు మా తలనొప్పి ఒకటి చెబుతాను. బెంగళూరులో సంఘాల బోర్డులు చూసే ఉంటారు, పేరు చివర బ్రాకెట్లో "రి" అని రాస్తారు, రిజిస్టర్డ్ అని అర్థం. మా బోర్డు మీదా రాయించాం. డీడ్‌లో ఆ "రి" లేదు. ఖాతా తెరిచేటప్పుడు ఎవరో బోర్డు ఫోటో చూసి ఖాతా పేరులో దాన్ని చేర్చేశారు. పాన్‌లో "సేవా"కి ఇంగ్లీషులో ఒక "ఎ" ఎక్కువ పడింది. మూడు కాగితాల్లో మూడు పేర్లు! ఒక ఫౌండేషన్ పోర్టల్లో వారం రోజులు కూర్చుని అంతా నింపాక చివరి పేజీలో ఖాతా పేరు, పాన్ పేరు సరిపోలడం లేదని దరఖాస్తు తిరిగొచ్చింది. అవన్నీ సరిచేయించుకునేసరికి రెండు నెలలైంది, గడువు దాటిపోయింది. ఇవాళే డీడ్, పాన్, పాస్‌బుక్, 12ఏ, 80జీ సర్టిఫికెట్లు ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం పోల్చుకోండి.

ఇంకో మాట, కొంచెం మొహమాటమైనది. ట్రస్టీలు ముగ్గురూ మొగుడు, పెళ్ళాం, బావమరిది అయితే ఫౌండేషన్‌వాళ్ళు పైకి ఏమీ అనరు, ఫైలు మాత్రం కదలదు. బయటివాళ్ళు ఇద్దరిని, వీలైతే మీరు పనిచేసే బస్తీలోంచే ఒకరిని బోర్డులోకి తీసుకోండి. ఏడాదికి కొన్ని సార్లయినా కూర్చుని, మాట్లాడుకున్నది మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. ఆ పుస్తకం తర్వాత అడుగుతారు.

లెక్కలు

మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు దాదాపు అందరూ అడుగుతారు. చిన్న సంస్థల్లో నేను చూసే పెద్ద తప్పు ఒకటుంది: చందాలు వ్యవస్థాపకుడి సొంత ఫోన్‌పే నంబరుకి రావడం. ఆయన నిజాయితీపరుడే. రూపాయి తినలేదు, పైపెచ్చు జేబులోంచి పెట్టాడు. కానీ ఆడిట్ పుస్తకంలో ఆయన చేసిన పని కనిపించదు. ఏడాదికి నాలుగు లక్షల పని చేసిన సంస్థ కాగితం మీద అరవై వేల సంస్థగా కనబడుతుంది. ఆ సంస్థ ఎనిమిది లక్షలు అడిగితే ఎవరిస్తారు? సంస్థ ఖాతాకి క్యూఆర్ కోడ్ తీసుకుని, పాతది ఇవాళే ఆపేయండి. మీరు సొంతంగా పెట్టే డబ్బు కూడా ఖాతాలో వేసి, రసీదు రాసుకుని, అక్కడినుంచే ఖర్చు పెట్టండి.

నగదు విషయంలో రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. ₹2,000 దాటిన నగదు చందాకి దాతకి 80జీ మినహాయింపు రాదు. మీరు ఒకే మనిషికి ఒకే రోజు ₹10,000 దాటి నగదు చెల్లిస్తే పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు.

ఎవరిని అడగాలి

డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదాన్ని బట్టి అడిగే పద్ధతి మారుతుంది.

మొదటి రకం, వ్యక్తుల, కుటుంబాల సంపదతో నడిచే ఫౌండేషన్లు. ఈ విషయంలో బెంగళూరులో ఉండటం మన అదృష్టం. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, రోహిణీ నీలేకణి ఫిలాంత్రఫీస్, నీటి మీద పనిచేసే అర్ఘ్యం, కళల కోసం గ్రాంట్లిచ్చే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అన్నీ ఈ ఊళ్ళోనే ఉన్నాయి. ఇలాంటివాటికి సీఎస్ఆర్ నిబంధనలు వర్తించవు. తమకి నచ్చిన రంగంలో, కాస్త ఎక్కువ కాలం తోడు నిలవగలవు. కానీ ఒక్కోదానికి ఒక్కో ఇష్టం ఉంటుంది, దాన్ని చదివి తెలుసుకోవాలి.

రెండో రకం సీఎస్ఆర్. ₹500 కోట్ల నెట్‌వర్త్ గానీ, ₹1,000 కోట్ల టర్నోవర్ గానీ, ₹5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనుల మీద ఖర్చు పెట్టాలి. పేరులో ఫౌండేషన్ అని ఉన్నా చాలావరకు ఇది కంపెనీ డబ్బే, అందుకని లెక్కంతా మార్చి 31తో ముగుస్తుంది. బయటి సంస్థకి ఇవ్వాలంటే ఆ రంగంలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలని నిబంధన. కొత్త ఏడాది ప్రణాళికలు ఏప్రిల్, జూన్ మధ్యలో తయారవుతుంటాయి, మన కాగితం అప్పటికే వాళ్ళ బల్ల మీద ఉండాలి. జనవరి, ఫిబ్రవరిలో కొన్ని కంపెనీలు మిగిలిన డబ్బు ఖర్చుపెట్టే హడావుడిలో ఫోన్ చేస్తాయి. "మార్చిలోపు ఖర్చయిపోవాలి" అంటారు. బ్యాగులు, బల్లలు కొనడానికైతే సరే అనండి. ఏడాది పొడవునా నడవాల్సిన పనికి ఆ తొందర డబ్బు తీసుకుంటే ఏప్రిల్లో టీచర్ జీతానికి మళ్ళీ వెతుక్కోవాలి.

మూడోది విదేశీ డబ్బు. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా, లేదా ముందస్తు అనుమతి లేకుండా, ఒక్క డాలరు కూడా ముట్టుకోకూడదు. అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘం పంపినా అంతే. రిజిస్ట్రేషన్‌కి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో సంస్థ ఆశయాల మీద పెట్టిన ₹15 లక్షల ఖర్చు కావాలి. డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి పంచే దారి కూడా మూసుకుపోయింది. చిన్న సంస్థ మొదటి మూడేళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అయితే విదేశీ పాస్‌పోర్టు లేని ఎన్నారై తన సొంత డబ్బు మామూలు బ్యాంకింగ్ దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసి ఫైల్లో పెట్టుకోండి.

జాబితా తయారుచేసేటప్పుడు వెబ్‌సైట్‌లో మొదటి పేజీ చూసి ఆగిపోకండి. అక్కడ అందరూ విద్య, ఆరోగ్యం, మహిళా సాధికారత అనే రాస్తారు. వార్షిక నివేదిక తెరిచి, పోయిన ఏడాది ఎవరికి ఇచ్చారో, ఏ జిల్లాలో, ఏ సైజు సంస్థకి ఇచ్చారో చూడండి. అన్నీ కోట్లలో నడిచే సంస్థలైతే మీకు అక్కడ చోటు లేనట్టే. మేము ముప్ఫై పేర్లతో మొదలుపెట్టి ఇలా చదివి చదివి నాలుగుకి తెచ్చాం. ముప్ఫై చోట్ల ఒకే ప్రపోజల్ కాపీ పేస్ట్ చేసి పంపిన రోజులూ ఉన్నాయి. ఒకసారి ఒక ఫౌండేషన్‌కి పంపిన లేఖలో ఇంకో ఫౌండేషన్ పేరు మిగిలిపోయింది. జవాబు రాలేదు, రాకపోవడమే నయం.

మధ్యలో కొందరు తగులుతారు. "గ్రాంటు తెచ్చిపెడతాం, పది శాతం మాకివ్వండి" అంటారు. ఆ పది శాతాన్ని ఏ బడ్జెట్‌లోనూ నిజం చెప్పి రాయలేరు. వద్దని చెప్పేయండి. ప్రపోజల్ రాయడానికి సాయం కావాలంటే పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని, సంస్థ ఖాతాలోంచి బిల్లు మీద ఇవ్వండి.

ఒక పేజీ నోటు

పూర్తి ప్రపోజల్ అడగకుండా పంపొద్దు. ముందు ఒక్క పేజీ కాన్సెప్ట్ నోటు పంపండి: మేము ఎవరం, ఎక్కడ, ఎవరితో పనిచేస్తున్నాం, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఏం చేయాలనుకుంటున్నాం, ఎంత కావాలి. మెయిల్ పంపిన వారానికి ఒకసారి ఫోన్ చేసి "మా పని మీ పరిధిలోకి వస్తుందా అండీ?" అని అడగండి. రాదంటే అక్కడితో సరి, నెల రోజులు మిగిలినట్టు.

ఇంగ్లీషు భయం చాలామందిని ఇక్కడే ఆపేస్తుంది. మా సెంటర్ టీచరు కదిరి మనిషి. పిల్లల గురించి మాట్లాడటం మొదలుపెడితే గంట ఆగదు, ఇంగ్లీషులో రాయమంటే మాత్రం నోరు మూతపడుతుంది. చివరికి ఆవిడ్ని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమన్నాం. పదకొండు నిమిషాలు మాట్లాడింది. దాన్ని విని నేను ఇంగ్లీషులో టైప్ చేశాను. మేము పంపిన అన్ని నోట్లలోకీ బాగా వచ్చింది అదే.

ప్రపోజల్‌లో ఏం రాయాలి

మా మొదటి ప్రపోజల్ పద్నాలుగు పేజీలు. మొదటి రెండు పేజీలు భారతదేశంలో వలసల గురించి. మూడో పేజీ ఇలా మొదలయ్యేది: "నిరుపేద బాలల జీవితాల్లో వెలుగులు నింపడమే మా లక్ష్యం." ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. అందులో ఆ బాలలు ఎవరో, ఎంతమందో, ఎక్కడుంటారో లేదు.

ఐదో ప్రపోజల్‌లో అదే చోట ఇలా రాశాం: "పోయిన విద్యా సంవత్సరం మా సాయంత్రం సెంటర్‌కి 63 మంది పిల్లలు వచ్చారు. ఎక్కువమంది నారాయణపేట, కర్నూలు, యాదగిరి జిల్లాల నుంచి భవన నిర్మాణానికి వచ్చిన కుటుంబాలవాళ్ళు. 41 మందిని ప్రభుత్వ కన్నడ బడిలో చేర్చాం, వాళ్ళ శాట్స్ నంబర్లు (కర్ణాటకలో బడి పిల్లలకి ఇచ్చే ప్రభుత్వ నంబర్లు) మా దగ్గరున్నాయి. 22 మంది చేరలేదు. 9 మందికి పాత బడినుంచి టీసీ రాలేదు, 7 మంది తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవడానికి షెడ్డులోనే ఉండిపోయారు, 6 మంది కుటుంబాలు పని అయిపోయి వెళ్ళిపోయాయి."

ఈ పేరా రాయడానికి కవి అక్కర్లేదు, హాజరు పుస్తకం కావాలి. మాది లాంగ్ నోట్‌బుక్. పేరు, వయసు, సొంతూరు, ఇంట్లో మాట్లాడే భాష, ఏ షెడ్డు, ఏ రోజు వచ్చింది, శాట్స్ నంబరు, ఏ రోజు వెళ్ళిపోయింది, ఎక్కడికి. చివరి రెండు గళ్ళూ మొదటి రెండేళ్ళు లేవు. ఒక ఫౌండేషన్ ఆవిడ ఫోన్లో "ఏడాది చివరికి ఎంతమంది మిగిలారు?" అని అడిగితే సగమే అన్నాం. అది విని మా పని సరిగ్గా లేదనుకున్నారు. బిల్డింగ్ పూర్తయితే కుటుంబం కదులుతుంది, పిల్ల కదులుతుంది. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో, అక్కడ బడిలో చేరారో లేదో చెప్పగలిగితే అది వేరే కథ అవుతుందని ఆ రోజు తెలిసింది. సాయంత్రమే స్కేలు పెట్టి రెండు గీతలు గీశాం.

చేయలేకపోయినది కూడా రాయమని నేను గట్టిగా చెబుతాను. ఆ 22 మంది లెక్క చూశాకే మా మీద నమ్మకం కుదిరిందని తర్వాత గ్రాంటిచ్చినవాళ్ళే అన్నారు.

మిగిలిన భాగాలు సూటిగా రాస్తే సరిపోతుంది: ఏడాదిలో ఏ నెల ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, జరిగిందని ఎలా తెలుస్తుంది. ఫలితం అంటే మీరు కొలవగలిగేదే రాయండి. "ఆత్మవిశ్వాసం పెరుగుతుంది" అనేదాన్ని ఎవరూ కొలవలేరు. "ఆరు నెలలు వచ్చిన పిల్లల్లో కనీసం సగం మంది రెండో తరగతి కన్నడ పాఠం చదవగలగాలి" అంటే ఒక పుస్తకం, ఒక పిల్ల, ఐదు నిమిషాలు చాలు. పిల్లలతో పనిచేసేవాళ్ళని బాలల రక్షణ విధానం అడుగుతారు, పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉద్యోగులుంటే లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ వివరాలు కూడా. ఇంకో సంస్థది దించేసి పంపకండి. అందులో రాసిన కమిటీ మీ దగ్గర లేదని విజిట్‌లో ఒక్క ప్రశ్నకి బయటపడుతుంది.

బడ్జెట్

తక్కువ అడిగితే ఇస్తారనుకోవడం మనవాళ్ళ పెద్ద భ్రమ. మేమూ అలాగే చేశాం. టీచర్ గౌరవ వేతనం సగం చూపించాం, అద్దె అసలు రాయలేదు. ఒక స్నేహితుడి గదిలో ఉచితంగా నడుస్తోంది కదా అని. ఆ ఏడాదే స్నేహితుడు గది అమ్మేశాడు.

40 మంది పిల్లలున్న ఒక సెంటర్‌కి ఏడాది ఖర్చు ఉదాహరణగా వేసి చూపిస్తాను. సాయంత్రం టీచర్లు ఇద్దరికి నెలకి ₹15,000 చొప్పున ₹3,60,000. సగం రోజు పనిచేసే కోఆర్డినేటర్‌కి నెలకి ₹12,000, ఏడాదికి ₹1,44,000. గది అద్దె నెలకి ₹8,000 అయితే ₹96,000. పుస్తకాలు, పలకలు, పిల్లకి ₹1,500 చొప్పున ₹60,000. సాయంత్రం అరటిపండు, ఉడకబెట్టిన శనగలు, రోజుకి పిల్లకి ₹15, అలా 240 రోజులు: ₹1,44,000. బడిలో చేర్పించడానికి, కాగితాలకి తిరిగే ఆటో ఖర్చు ₹24,000. లెక్కలు, ఆడిట్ ₹36,000. ఫోన్, ఇంటర్నెట్, ప్రింటింగ్ ₹18,000. మొత్తం ₹8,82,000. పిల్లకి ఏడాదికి ₹22,050 పడుతుంది. ఆ అంకె మీరే వేసి రాసేయండి, ఎలాగూ వాళ్ళు వేస్తారు.

శనగల లైను చూసి చాలామంది నవ్వుతారు. మా సెంటర్‌లో అది తీసేసిన నెల హాజరు ఎంత పడిపోయిందో పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఫోటో ప్రపోజల్‌కి జతచేశాం. తర్వాత ఎవరూ ఆ లైన్ కొట్టేయమనలేదు.

మొత్తం ఒకరినే అడగకండి. పై లెక్కలో ₹6,50,000 ఫౌండేషన్ నుంచి, మిగిలిన ₹2,32,000 చందాల నుంచి అని చూపిస్తే, మీ వెనక ఊళ్ళో మనుషులున్నారని అర్థమవుతుంది. ఇక ఆఫీసు ఖర్చుల మాట. "సీఎస్ఆర్‌లో అడ్మిన్ ఖర్చు 5 శాతం దాటకూడదు" అని కొందరు మనల్ని బెదిరిస్తారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ నిర్వహణకి పెట్టుకునే ఖర్చు మీద ఉంది. పని చేసే సంస్థ ఆడిట్ ఫీజు మీద కాదు. మర్యాదగా చెప్పండి, చాలాసార్లు వింటారు. వినకపోతే ఆడిట్ ఖర్చు చందాల భాగంలోకి మార్చండి గానీ దాచకండి.

చూడటానికి వస్తే

ప్రపోజల్ నచ్చితే ఎవరో ఒకరు వస్తారు. బ్యానర్ కట్టొద్దు, శాలువా కొనొద్దు, పిల్లల చేత డాన్స్ చేయించొద్దు. మామూలు రోజు మామూలుగా నడవనివ్వండి. మాట్లాడేది మీరొక్కరే కాకుండా టీచర్‌ని మాట్లాడనివ్వండి.

మా దగ్గరికి వచ్చినావిడ చెప్పులు విప్పి చాప మీద కూర్చుని, నేరుగా నోట్‌బుక్ అందుకుంది. ఆ తొమ్మిది మంది దగ్గర వేలు ఆపి, "విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని పిల్లని చేర్చుకోకుండా ఉండకూడదు కదా. మరి వీళ్ళెందుకు ఆగిపోయారు?" అంది. నాకు చెమటలు పట్టాయి. ఏదో సర్ది చెప్పబోయాను. అంతలో మా టీచరు అందుకుంది: "నిజమే మేడమ్. బడివాళ్ళు అడిగారు. మేము తెమ్మని అమ్మానాన్నలకి చెప్పి ఊరుకున్నాం. చట్టం ఉందని మాకు అప్పుడు తెలీదు." ఆవిడ తలూపి, "అయితే అది ఈ ఏడాది పనిలో రాయండి" అంది. రాశాం. 2009 చట్టం సెక్షన్ 5 కాపీ కన్నడలో ప్రింటు తీసి టీచర్ బ్యాగులో పెట్టడం మా ప్రణాళికలో మొదటి నెల పని అయింది.

అవునన్నా, కాదన్నా

కాదన్న మెయిల్ వస్తే రెండు రోజులాగి, థాంక్స్ చెప్పి, కారణం అడగండి. అందరూ చెప్పరు. ఒకరు చెప్పారు: "మీ పని బాగుంది, మేము ఈ రెండేళ్ళు రాయచూరు, కలబురగి వైపే ఇస్తున్నాం." దానికి మనం చేయగలిగిందేమీ లేదు, నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అవునంటే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవండి, ఆ రోజు ఉత్సాహంలో ఎవరూ చదవరు. డబ్బు ఎన్ని విడతల్లో వస్తుంది, రిపోర్టులు ఎప్పుడివ్వాలి, సీఏ ఇచ్చే వినియోగ ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో కావాలి, ఒక పద్దులోంచి ఇంకో పద్దుకి ఎంతవరకు మార్చుకోవచ్చు, మిగిలితే వెనక్కివ్వాలా. మొదటి విడత రావడానికి అనుకున్నదానికంటే ఒకటి రెండు నెలలు ఎక్కువ పట్టొచ్చు, టీచర్లకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. డబ్బు వచ్చాక ఈ గ్రాంటుకి లెక్కల్లో విడిగా ఒక పద్దు తెరిచి, ప్రతి వోచర్ మీద ఫౌండేషన్ పేరు రాయండి. మార్చిలో అన్నీ కలిపి వేరుచేయడం ఎవరి వల్లా కాదు.

అనుకోనిది జరిగితే రిపోర్టు దాకా దాచకుండా ఆ వారమే చెప్పండి. మాకు నవంబరులో జరిగింది. టవర్ పని అయిపోయి ఒక్క వారంలో 17 మంది పిల్లలు వెళ్ళిపోయారు. సెంటర్‌లో సగం చాపలు ఖాళీ. ఒప్పందంలో 40 మంది అని రాసి ఉంది. టెన్షన్ పడుతూ ఫౌండేషన్ ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ మొదట అడిగింది, "ఎక్కడికెళ్ళారు?" అని. పుస్తకం తీసి చదివాను: పదకొండు మంది హోస్కోటె దగ్గర కొత్త సైటుకి, నలుగురు నారాయణపేటకి, ఇద్దరు తెలియదు. హోస్కోటె షెడ్డు దగ్గర చిన్న సెంటర్ పెట్టుకోవచ్చా, అద్దె పద్దులోంచి నెలకి మూడు వేలు అటు మార్చుకోవచ్చా అని అడిగాను. నోటి మాట చాలదు, కారణం రాసి, మార్చిన బడ్జెట్ జతచేసి మెయిల్ పెట్టమంది. ఆ రాత్రే పెట్టాం. ఆరో రోజున సరే అని జవాబొచ్చింది. దాన్ని ప్రింటు తీసి ఒప్పందం ఫైల్లోనే, ఒప్పందం వెనకే గుచ్చిపెట్టాం. ఆడిట్‌కి వచ్చిన సీఏ మొదట అడిగిన కాగితం అదే.